తాతల నాటి వేట రైఫిల్‌కు వెల కట్టే పద్ధతి

పాత వేట రైఫిల్‌కు ఎంత వస్తుందని అడిగేవారికి నేను మొదట చెప్పేది డబ్బు లెక్క కాదు. దాన్ని తెలిసినవారికి చూపించేదాకా ఉన్నది ఉన్నట్టుగా ఉంచమనీ, ఇనుముకు మెరుగు పెట్టించవద్దనీ, చెక్కకు పాలిష్ వేయించవద్దనీ చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక మండువా ఇంట్లో .375 బోరు (గొట్టం లోపలి వెడల్పు తెలిపే అంకె) మ్యాగజైన్ రైఫిల్ ఒకటి చూశాను. తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టు వెన్నలో వేలు పెట్టినంత మెత్తగా కదులుతోంది, గొట్టం లోపలి గాడులు పదునుగా ఉన్నాయి, భాగాల మీది నంబర్లన్నీ కలిశాయి. అయితే అమ్మకం మాట రాగానే ఇంటివారు ముచ్చటపడి దాన్ని పట్టణంలో మెరుగు పని చేసే ఒకతనికి ఇచ్చారు. గొట్టం మీద చెక్కి ఉన్న లండన్ చిరునామా తడిగుడ్డతో తుడిచిన బలపం రాతలా మిగిలింది. అక్రోటు చెక్కకు ఆ ఇంటి తలుపులకు వేసిన వార్నిషే వేశారు. పేల్చడానికి ఆ రైఫిల్ ఇప్పటికీ పనికొస్తుంది గానీ, సేకరణ కోసం కొనేవారి లెక్కలో దాని వెల సగానికి సగం ఆ ఒక్క వారంలోనే పోయింది. కొత్త స్క్రూ వేయించవచ్చు, విరిగిన స్ప్రింగు చేయించవచ్చు; అరిగిపోయిన అక్షరపు అంచును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. పాత రైఫిల్ వెలను నిర్ణయించేవి ఇలా తిరిగి తేలేని సంగతులే కనుక, పరీక్ష అంతా వాటిని వెతుక్కుంటూ సాగాలి.

ఇక్కడ నేను మాట్లాడేది మన ఇళ్లకు నిజంగా చేరిన రైఫిళ్ల గురించి. మద్రాసు ప్రెసిడెన్సీలోని జమీందారులు, నిజాం రాజ్యపు జాగీర్దారులు, అటవీ అధికారులు 20వ శతాబ్దపు తొలి సగంలో తెప్పించుకున్నవి హాలండ్ అండ్ హాలండ్, వెస్ట్లీ రిచర్డ్స్, రిగ్బీ, జెఫ్రీ వంటి ఇంగ్లీషు సంస్థల రైఫిళ్లు, జర్మనీ మౌజర్లు, ఆస్ట్రియా మాన్లిఖర్ షోనావర్లు, అమెరికా విన్‌చెస్టర్లు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వాటికి వేట పని పోయింది. 1980ల మధ్య నుంచి సాధారణ లైసెన్సుదారులకు విదేశీ తుపాకుల దిగుమతి కూడా ఆగిపోయింది. దీనివల్ల సరుకు కొత్తగా రాదు కనుక వెల పెరగాలి; కొనడానికి అర్హత ఉన్నవారు కొద్దిమందే కనుక వెల తగ్గాలి. మన దగ్గర పలికే ధర ఎప్పుడూ ఈ రెండు లాగుళ్ల మధ్యే ఉంటుంది.

అందుకే మన దేశంలో రైఫిల్ కన్నా ముందు కాగితాలు చూడాలి. లైసెన్సుదారు మరణించి ఉంటే ఆ తుపాకిని బీరువాలో దాచుకోవడానికి వారసులకు హక్కు ఉండదు. దాన్ని పోలీసు స్టేషన్లో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ జమ చేసి, వారసత్వ ప్రాతిపదికన లైసెన్సు కోసం జిల్లా కలెక్టరుకో, కమిషనరేటు ఉన్నచోట పోలీసు కమిషనరుకో దరఖాస్తు చేసుకోవాలి. 2019లో ఆయుధాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఒక వ్యక్తి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండరాదు, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ రెండింటిలోకే వస్తాయి. ఇప్పటికే రెండు ఉన్నవాడు మీ రైఫిల్ ఎంత నచ్చినా కొనలేడన్న మాట. లైసెన్సులో రాసిన నంబరు, తుపాకి మీద ఉన్న నంబరు అక్షరం అక్షరం కలవాలి. పేటెంటు నంబరును క్రమసంఖ్యగా ఎక్కించిన లైసెన్సు ఒకటి నా కంట పడింది. మూడు తరాలుగా ఎవరూ గమనించలేదు, అమ్మబోతే తేలింది. అలాంటి తేడా సరిచేయించుకోనిదే ఆ తుపాకికి అసలు వెలే లేదని అనుకోవాలి.

కాగితాలు సరిగ్గా ఉన్నాయని తేలాక, లైసెన్సు ఉన్నవారి సమక్షంలోనే రైఫిల్‌ను చేతిలోకి తీసుకోవాలి. గొట్టం మనుషులు లేని వైపు తిప్పి, బోల్టు తెరిచి, లేదా జంట గొట్టాలదైతే మధ్యలో మడిచి తెరిచి, తూటా గది ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి, మ్యాగజైన్ కూడా ఖాళీ అని నిర్ధారించుకున్నాకే మిగతా మాట. లోపల తూటా ఇరుక్కుని ఉంటే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా ఆర్మరర్‌కు (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) అప్పగించాలి. ఎంత బాగున్నట్టు కనబడినా, ఆర్మరర్ పరీక్షించని పాత రైఫిల్‌ను, అందులోనూ దానితో పాటు పెట్టెలో దొరికిన పాత తూటాలతో, పేల్చి చూడరాదు.

తరువాతి ప్రశ్న, ఇది ఎవరు చేసినది అనేది. గొట్టం మీద కనిపించే పేరు చేసినవాడిదే కానక్కర లేదు. మద్రాసులోని పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తాలోని మాంటన్, రాడ్డా వంటి దుకాణాలు ఇంగ్లండులో, ముఖ్యంగా బర్మింగ్‌హామ్‌లో, తయారైన తుపాకుల మీద తమ పేరు చెక్కించి అమ్మేవి. అలాంటివి తరచుగా గట్టి పనితనం ఉన్నవే. పేరు చిన్నదని తీసిపారేయకూడదు, పేరు ఘనంగా ఉందని మోసపోకూడదు. ప్రసిద్ధ ఇంగ్లీషు పేర్లకు దగ్గరగా వినిపించే పేర్లతో బెల్జియంలో చౌకగా చేసిన తుపాకులు కూడా బోలెడు వచ్చాయి. నిజం తేల్చేది గొట్టం మొదట్లో కింది వైపు ఉండే పరీక్షా ముద్రలు, అంటే గొట్టం మందు ధాటికి తట్టుకుంటుందని పరీక్షించి కొట్టిన గుర్తులు. కోడిగుడ్డు ఆకారంలో ఇ.ఎల్.జి. అక్షరాలుంటే అది బెల్జియంలోని లియేజ్ పరీక్షా కేంద్రానిది. ఇంగ్లండులో లండన్‌కు ఒకటి, 1813లో బర్మింగ్‌హామ్‌లో ఏర్పడినది మరొకటి, రెండు కేంద్రాలు ఉన్నాయి. కత్తి పట్టిన చేయి కింద ఎన్.పి. అక్షరాలుంటే లండన్‌లోనూ, కిరీటం కింద ఎన్.పి. ఉంటే బర్మింగ్‌హామ్‌లోనూ పొగలేని మందుకు పరీక్ష జరిగిందని అర్థం. పెద్ద బోరు రైఫిళ్ల మీద కార్డైట్ అనే పొగలేని మందు ఎన్ని గ్రెయిన్లు (తూటా మందును తూచే చిన్న కొలత), గుండు గరిష్ఠ బరువు ఎంత అన్నది కూడా చెక్కి ఉంటుంది. ఆ ముద్రలు చూడటానికి రైఫిల్ ముందు చెక్కను తీయవలసి వస్తే, సరిపోని స్క్రూడ్రైవరుతో మీరే మొదలుపెట్టకండి. స్క్రూ తలల మీది గీత చిరిగి, పక్కల గీతలు పడి ఉంటే, ఎవరో తెలియనివారు లోపలికి చేయి పెట్టారని కొనేవాడు మొదటి చూపులోనే పసిగడతాడు.

ఏ సంవత్సరంలో చేసినదన్నది వెలను ఎంత మారుస్తుందో చెప్పడానికి విన్‌చెస్టర్ మోడల్ 70 చక్కని ఉదాహరణ. 1936లో మొదలైన ఆ రైఫిల్‌ను 1964లో ఖర్చు తగ్గించుకునే ఉద్దేశంతో మార్చారు. తూటాను అంచు దగ్గర పట్టుకుని గదిలోకి నడిపించే పొడవాటి గోరు పోయింది, చెక్క మీది చేతి పని పోయింది. అప్పటి నుంచి 1964కు ముందువి ఒక జాతి, తరువాతివి ఒక జాతి అయ్యాయి. అమెరికాలో ఉంటూ పాత రైఫిల్ కొనే మనవాళ్లు క్రమసంఖ్యను బట్టి ఏడాది తేల్చుకోకుండా బేరం మొదలుపెట్టకూడదు. ఇంగ్లీషు రైఫిల్ విషయంలో ఇంకో సౌకర్యం ఉంది: హాలండ్, వెస్ట్లీ రిచర్డ్స్, రిగ్బీ వంటి సంస్థలు పాత ఖాతా పుస్తకాలను భద్రపరిచాయి. క్రమసంఖ్య రాసి, కొంత రుసుము కడితే, అది ఏ బోరుతో, ఏ ఏడాది, ఎవరి పేరున బయలుదేరిందో తెలియజేస్తాయి. ఆ ఉత్తరం ఖర్చు ఎప్పుడూ వృథా పోదు.

ఇక బోరు. మన దగ్గర .470, .500/465 వంటి వింత అంకెల జంట గొట్టాల రైఫిళ్లు ఎందుకు కనిపిస్తాయో తెలిస్తే వెల కట్టడం తేలికవుతుంది. 20వ శతాబ్దం తొలి దశకంలో బ్రిటిష్ ప్రభుత్వం .450 బోరు రైఫిళ్లను, తూటాలను భారతదేశంలోకి రానివ్వకుండా నిషేధించింది. సైన్యం వాడి వదిలిన మార్టినీ హెన్రీ తుపాకులకు ఆ గుండ్లు ఉపయోగపడతాయని దాని భయం. ఏనుగును, అడవిదున్నను కొట్టే రైఫిళ్లకు ఇక్కడ మంచి గిరాకీ ఉండటంతో లండన్ తయారీదారులు ఆ అంకెను తప్పించుకుంటూ .470, .475, .465 అని కొత్త తూటాలు పుట్టించారు. 1912లో వచ్చిన .375 హాలండ్ మ్యాగ్నమ్ వీటన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచింది, నేటికీ ప్రపంచమంతటా దాని తూటాలు తయారవుతున్నాయి. అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు అడవుల్లో తిరిగిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండిన .405 విన్‌చెస్టర్ లీవర్ రైఫిల్‌కు పేరుంది గానీ తూటా దొరకడం కష్టం. మన దేశంలో తయారై సులభంగా దొరికేవి .315, .30-06 తూటాలు. అందుచేత ఇక్కడి బజారులో ఒక విచిత్రం జరుగుతుంది: ఇషాపూర్‌లో తయారైన సాదాసీదా .315కు కొనేవాళ్లు దొరుకుతారు, దానికి పదింతలు పనితనం ఉన్న జర్మనీ రైఫిల్ తూటా లేక డీలరు అద్దాల బీరువాలో ఏళ్ల తరబడి నిలబడి ఉంటుంది. వాడుకోవడానికి కొనేవాడి వెల తూటాను బట్టి, దాచుకోవడానికి కొనేవాడి వెల పనితనాన్ని బట్టి ఉంటాయి. మీ రైఫిల్ ఎవరి కోసమో ముందే తేల్చుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం గొట్టం లోపల చూడటానికి కేటాయించాలి. నూనె పూసిన గొట్టం ఎప్పుడూ అద్దంలాగే మెరుస్తుంది. కనుక పొడి గుడ్డముక్కను శుభ్రం చేసే కడ్డీకి చుట్టి రెండు మూడు సార్లు వెనుక వైపు నుంచి నడిపి, నూనె పూర్తిగా పోయాకే చూడాలి. ఖాళీ గొట్టాన్ని బోల్టు తీసివేసి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గాడులు మెలి తిరుగుతూ సాగిపోవడం కనిపిస్తుంది. గాడి అంచు తాటాకు మీద గంటంతో గీసినట్టు పదునుగా ఉందా, ఎండిన సబ్బు బిళ్ల అంచులా గుండ్రబడిందా అన్నది చూడండి. పాత తూటాల ప్రైమర్లలో ఉండే రసాయనం పేలిన తరువాత ఉప్పును వదిలేది; ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి ఒక్క రాత్రిలో తుప్పు పట్టించేది. ఆ రోజుల్లో తెలిసిన షికారీలు గరాటు పెట్టి మరిగే నీళ్లు గొట్టంలో పోసి కడిగింది అందుకే. మన కోస్తా తేమలో, వానాకాలపు అడవి బంగళాల్లో, ఆ ఒక్క రాత్రి బద్ధకం గొట్టం లోపల మశూచి మచ్చల్లా మిగిలిపోయింది. తూటా గదికి ముందు జానెడు దూరంలోనూ, మూతి దగ్గర రెండు మూడు అంగుళాల్లోనూ ఈ గుంటలను ప్రత్యేకంగా వెతకాలి. మధ్యలో ఎక్కడైనా ఉంగరంలాంటి నల్లని నీడ కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బిందని అనుమానించి, బయట వేళ్లతో నెమ్మదిగా నిమిరి చూడాలి. లేత మచ్చలు వెలను కొంత తగ్గిస్తాయి. ఉబ్బు ఉంటే పేల్చే తుపాకిగా దాని కథ ముగిసినట్టే.

బయటి ఇనుము గురించి ఒక్క నియమం గుర్తుంచుకుంటే చాలు. నీలి నలుపు పూత చేయి పడే చోట్ల, ఒరలోంచి తీసి పెట్టే చోట్ల పలచబడి, మిగతా చోట్ల నిండుగా ఉంటే అది సహజమైన వయసు. అంతటా ఒకే రకంగా నిగనిగలాడుతూ, ఆ పూత కింద తుప్పు గుంటలు కనబడుతూ, స్క్రూ రంధ్రాల అంచులు పల్లెంలా పల్లమై ఉంటే పూత తరువాత వేసినది. చూడటానికి రెండోదే అందంగా ఉంటుంది, వెల మొదటిదానికే.

చెక్కలో పగుళ్లు యాక్షన్ (తూటాను మూసి పేల్చే ఇనుప భాగం) వెనుక తోకలాంటి పట్టీ చెక్కతో కలిసే చోట, చెక్క మణికట్టులా సన్నబడే చోట మొదలవుతాయి. పెద్ద బోరు రైఫిళ్ల తన్ను అక్కడే తగులుతుంది. పొట్టి మనిషికి సరిపోయేలా చెక్క మడమ (భుజానికి ఆనే చివర) కోసి రబ్బరు మెత్త బిగించారేమో చూడాలి. మడమ చివరి నుంచి ట్రిగ్గరు దాకా కొలిస్తే అనుమానం తీరుతుంది. గురిచూసే ఆకుల్లో (గొట్టం మీద లేపి పడుకోబెట్టే చిన్న రేకుల్లో) 100, 200, 300 గజాల అంకెలు ఉన్నవన్నీ నిలబడి పడుకుంటున్నాయో లేదో చూడాలి. టెలిస్కోపు కోసం తరువాత ఎవరో వేసిన రంధ్రాలు రైఫిల్‌కు చేసిన గాయాలే. చెదలు పట్టిన చెక్క గురించి వేరే చెప్పనక్కర లేదు.

జంట గొట్టాల రైఫిల్ విషయం వేరు, వెలలు ఎక్కువగా ఉండేవీ, పొరపాట్లు ఖరీదైనవీ అక్కడే. గొట్టాల కింద ఉండే ముందు చెక్కను తీసి, మూసిన రైఫిల్‌ను వెలుతురుకు పట్టుకుంటే గొట్టాల వెనుక ముఖానికీ, యాక్షన్ పలకకూ మధ్య వెలుగు గీత కనిపించకూడదు. గొట్టాలను పక్కలకు కదిపితే ఏ మాత్రం ఆట ఉండకూడదు. తరువాత గొట్టాల జతను విడదీసి, కింది కొక్కెం దగ్గర ఒక్క వేలితో వేలాడదీసి, రెండో చేతి వేలి కణుపుతో తట్టాలి. గొట్టాలను కలిపే పట్టీల అతుకు గట్టిగా ఉంటే గుడి గంట తట్టినట్టు మోగి, ఆ మోత కొంతసేపు సాగుతుంది. ఎక్కడైనా అతుకు వదిలితే పగిలిన కుండ తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. రెండు గొట్టాలూ ఒకే చోట గుండు పెట్టేలా తయారీదారు పేల్చి చూసి పట్టీలను అతికిస్తాడు కనుక, వదిలిన అతుకును మామూలు టంకంతో వేయించడమంటే ఆ తూకాన్ని పోగొట్టుకోవడమే. గొట్టాల మీద, యాక్షన్ మీద, ముందు చెక్క ఇనుము మీద మూడు చోట్లా ఒకే నంబరు ఉండాలి. తుపాకి భాషలో తాళం అంటే పేల్చే యంత్రాంగం; పక్క పలకల తాళం (సైడ్‌లాక్) ఉన్నది పెట్టె తాళం (బాక్స్‌లాక్) ఉన్నదాని కన్నా, ఖాళీ తొడుగును తనంతట తాను విసిరేసేది పైకెత్తి ఊరుకునేదాని కన్నా ఎక్కువ పలుకుతుంది. వెస్ట్లీ రిచర్డ్స్ వారి చేతితో ఊడదీయగల తాళాలకు విడి జత కూడా పెట్టెలో ఉంటే అది విడిగా లెక్కించవలసినంత విలువైనది.

పెట్టె అనగానే గుర్తుకొచ్చింది: తోలు తొడిగిన ఓక్ పెట్టె, లోపల తయారీదారు కాగితం, నూనె సీసా, విడి స్క్రూడ్రైవర్లు ఇవన్నీ అటక మీద వేరే చోట పడి ఉంటాయి. వెతకండి. పాత బిల్లు, తాతగారు రైఫిల్ పట్టుకున్న ఫొటో, ఆనాటి లైసెన్సు పుస్తకం కూడా జత చేయండి. అయితే కథకు కాగితం తోడుంటేనే వెల వస్తుంది. నరభక్షక పులుల వేటగాడు జిమ్ కార్బెట్‌కు 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు బహూకరించిన .275 రిగ్బీకి అంత విలువ రావడానికి కారణం, ఆ సంగతి చెక్కిన వెండి రేకు దాని చెక్కలోనే బిగించి ఉండటం. “మా తాతగారికి ఫలానా రాజావారు ఇచ్చారు” అన్న మాట ఒట్టి మాటగా ఉన్నంత కాలం దానికి నేను పైసా కట్టను. అలాంటి మాట ప్రతి ఇంట్లోనూ ఉంది.

ఇన్ని చూశాక అంకె ఎలా వేయాలి? లండన్, అమెరికా వేలాల్లో అదే సంస్థ, అదే బోరు, అదే తరగతి రైఫిల్ నిజంగా పలికిన ధరలను చూడండి. అమ్మేవాళ్లు అడిగే ధరలు ఆశలు మాత్రమే. కానీ ఆ ధరను రూపాయల్లోకి మార్చి మీ రైఫిల్‌కు తగిలించవద్దు. ఇక్కడి లైసెన్సు మీద ఉన్న తుపాకిని అక్కడి వేలానికి పంపడం మామూలు మనిషికి సాధ్యమయ్యే పని కాదు. వందేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా అడ్డు రావచ్చు. వేలం ధరలు ఉపయోగపడేది ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న వరుస తెలుసుకోవడానికి. అసలు అంకె కోసం లైసెన్సు ఉన్న ఇద్దరు ముగ్గురు డీలర్లను విడివిడిగా అడగాలి, అదీ “మీరైతే ఎంతకు కొంటారు” అనీ, “ఇలాంటిదే నేను కొనాలంటే ఎంత అవుతుంది” అనీ రెండు రకాలుగా. ఆ రెండు అంకెల మధ్య దూరం పెద్దదే ఉంటుంది. నేరుగా లైసెన్సుదారుకు అమ్మితే వచ్చే ధర ఆ మధ్యలో పడుతుంది. పూత మార్చినదైతే మూడో వంతు నుంచి సగం దాకా, గొట్టం లోపల ముదిరిన గుంటలుంటే అంతకన్నా ఎక్కువ తగ్గించడం నా అలవాటు. నంబర్లు కలవని జంట గొట్టాల రైఫిల్‌ను మాత్రం నేను విడిభాగాల ధరకే లెక్కిస్తాను. దీనితో ఏకీభవించని డీలర్లు ఉన్నారు.

బేరం కుదిరాక బయానా తీసుకునే ముందు కొనేవారి లైసెన్సు అసలు ప్రతిని, దానిపై ఉన్న గుర్తింపు సంఖ్యను, ఆ బోరుకు అనుమతి ఉందో లేదో స్వయంగా చూడాలి. అమ్మే ఉద్దేశాన్ని జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషన్ అధికారికి గానీ లిఖితపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచాకే తుపాకి చేతులు మారాలి. ఆ గడువులో రైఫిల్‌ను డీలరు దగ్గర ఉంచితే, రసీదులో క్రమసంఖ్యతో పాటు గొట్టం లోపలి స్థితి, పెట్టె, విడి తాళాలు, గురి ఆకులు, మిగిలిన తూటాల సంఖ్య అన్నీ రాయించి, అదే రోజు తీసిన ఫొటోల మీద డీలరు సంతకం తీసుకోవాలి.